‘స్టేటస్ కెప్ట్’, ‘లైట్ పుట్’, ‘గో టు హోమ్’: మొదలుపెట్టేవాళ్లకి ఇంగ్లీషు జంటమాటలు ఏ వరుసలో నేర్పాలి?

#1 పలకబలపం

అందరికీ నమస్తే. తెలుగు మీడియంలో టెన్త్, ఇంటర్ చదివి షోరూముల్లో, హాస్పిటల్ రిసెప్షన్లలో పనికి చేరేవాళ్ల కోసం 60 రోజుల పాఠాలు రాస్తున్నాను. టెన్సులు, ప్రశ్నలు వేయడం అయిపోయాయి. ఇప్పుడు కొలొకేషన్లు, అంటే విడదీయకుండా జంటగా వచ్చే మాటలు మొదలుపెట్టాలి. ‘మేక్’కి 40, ‘డూ’కి 30, ‘టేక్’కి 40, ‘హ్యావ్’కి 30 చొప్పున లిస్టు తయారుగా ఉంది. రోజుకో క్రియ పట్టుకుని 20 చొప్పున బట్టీ పట్టిస్తే నిలుస్తాయా? వరుస ఏమిటి, రోజుకి ఎన్ని? ఈ రెండూ తేలితే చాలు.

#2 నిఘంటువుపురుగు

ఆ లిస్టు పక్కన పెట్టండి. ఇవాళ ‘మేక్’వి ఇరవై, రేపు ‘డూ’వి ఇరవై ఇస్తే ఎల్లుండికి రెండూ కలగాపులగం అవుతాయి. దగ్గరి పోలిక ఉన్నవాటిని పక్కపక్కనే నేర్పితే ఒకదాన్నొకటి చెరుపుతాయి. ‘మేక్ ఎ మిస్టేక్’ ఈ వారం ఇస్తే ‘డూ మీ ఎ ఫేవర్’ మూడో వారం దాకా రాకూడదు.

కొలొకేషన్ అనేది వింత వస్తువేం కాదని ముందు తెలుగులోనే చూపించండి. కటిక చీకటి అంటాం, కటిక పేదరికం అంటాం, కటిక వెలుగు అనం. ముడిచమురు ఉంది, పచ్చిచమురు లేదు. పచ్చి అబద్ధం ఉంది, ముడి అబద్ధం లేదు. వాన కురుస్తుంది, పిడుగు కురవదు. ఎందుకని అడిగితే జవాబుండదు, చెవికి తెలుసు. ఇంగ్లీషులో చెవి ఇంకా తయారవలేదు కాబట్టి చేత్తో నేర్చుకోవాలి. ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు.

ఇక వరుస. లిస్టు ఇంగ్లీషు క్రియ వైపు నుంచి కాదు, తెలుగు క్రియ వైపు నుంచి కట్టండి. మాట్లాడబోయే మనిషి బుర్రలోకి ముందు ‘మేక్’ రాదు, ‘మీటింగ్ పెట్టారు’ వస్తుంది. అక్కడ ఆగి ‘పెట్టు’కి ఇంగ్లీషు వెతుక్కుంటాడు. తప్పు పుట్టేది అక్కడే. మన తెలుగులో పది క్రియలు సగం సంసారం మోస్తాయి: వేయు, పెట్టు, తీయు, కొట్టు, పడు, చేయు, ఇచ్చు, తీసుకొను, వచ్చు, చెప్పు. ఒక్కోదానికి రోజూ వాడే 12 వాడుకలు తీసుకుంటే 120. పాఠాలకి వెన్నెముక అదే.

#3 ఓరుగల్లుకోట

పురుగు గారూ, గట్ల చేస్తే పిల్లలు జీవితాంతం తెలుగుల ఆలోచించి ఇంగ్లీషుల అనువాదం చేసుకుంటనే ఉంటరు కదా. తెలుగు వైపు నుంచి పోవుడే అసలు రోగం అని చాలామంది అంటరు. సందర్భం చూపించి నేరుగ ఇంగ్లీషు ముక్క ఇస్తే అయిపోతది.

#4 నిఘంటువుపురుగు

మాట ఒప్పుకుంటాను, సగమే. ఇంగ్లీషు వాతావరణంలో రోజుకి ఐదారు గంటలు ఉండేవాడికి తెలుగు దారి అక్కర్లేదు. పలకబలపం గారి విద్యార్థికి రోజుకి దొరికేది ముప్పావుగంట. వాడు అనువాదం ఎలాగూ చేస్తాడు, మీరు వద్దన్నంత మాత్రాన మానడు. చేసేదేదో మాట మాటకి కాకుండా ముక్కకి ముక్క చేయించడమే మన పని. ‘ఫ్యాన్ వేయి’ మొత్తం ఒక ముక్క, ‘టర్న్ ఆన్ ద ఫ్యాన్’ మొత్తం ఒక ముక్క. ‘వేయి’ని మాత్రం విడిగా అనువదించనివ్వకూడదు.

ఓ చిన్న పక్కమాట. మాటని దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని 1957లో రాసిన బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్, అంతకుముందు 1919 నుంచి 1928 దాకా లాహోరులో పంజాబ్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసర్. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం కొలొకేషన్ల పట్టీ ఇంగ్లీషు బోధనా నిపుణుడు హెరాల్డ్ పామర్ 1933లో వేసింది లండన్‌లో కాదు, టోక్యోలో. ఈ సమస్య మొదట కనపడింది బయటి భాషల వాళ్లకి నేర్పేవాళ్లకే.

#5 గోదారిగట్టు

తెలుగు క్రియ వైపు నుంచి అన్నారు కాబట్టి ముందుగా ‘పెట్టు’ తీసుకోండి. మనవాళ్ల ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ తప్పులు దీనివల్లే అండీ. ‘బ్యాగు అక్కడ పెట్టు’ని ‘కీప్ ద బ్యాగ్ దేర్’ అని చిన్నప్పుడే నేర్చేసుకుంటారు. దాంతో ‘పెట్టు అంటే కీప్’ అని ముద్ర పడిపోతుంది. అసలు ‘కీప్’లో ఉన్న అర్థం ‘ఉంచు, అలాగే ఉండనీ’. పెట్టే ఆ ఒక్క క్షణానికి ‘పుట్’ కావాలి. ఈ ముద్ర వల్ల వచ్చే సంతానం చూడండి:

వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను: ‘ఐ కెప్ట్ ఎ స్టేటస్’ అంటారు. ‘ఐ పోస్టెడ్ ఎ స్టేటస్’ అనాలి.
మీటింగ్ పెట్టారు: ‘కెప్ట్ ఎ మీటింగ్’ కాదు, ‘హెల్డ్ ఎ మీటింగ్’. మామూలు మాటల్లో ‘హ్యాడ్ ఎ మీటింగ్’.
క్లాసులో టెస్టు పెట్టారు: ‘గేవ్ అజ్ ఎ టెస్ట్’.
అలారం పెట్టుకో: ‘సెట్ ఎన్ అలారం’.
సంతకం పెట్టు: ‘సైన్’ ఒక్కటే చాలు. ‘పుట్ ఎ సైన్’ అక్కర్లేదు.
సెలవు పెట్టాడు: ‘పుట్ లీవ్’ కాదు, ‘అప్లైడ్ ఫర్ లీవ్’. సెలవు మంజూరై ఇంట్లో ఉంటే ‘టుక్ లీవ్’.
కేసు పెట్టారు: ‘ఫైల్డ్ ఎ కేస్’.
డబ్బు ఖర్చు పెట్టాను: ‘స్పెంట్ మనీ’.
షాపు పెట్టాడు: ‘ఓపెన్డ్ ఎ షాప్’.
పాపకి పేరు పెట్టారు: ‘నేమ్డ్ ద బేబీ’, తర్వాత నేరుగా పేరు.
ఫోన్ సైలెంట్‌లో పెట్టు: ‘పుట్ ద ఫోన్ ఆన్ సైలెంట్’. ఇది మన వాడుకకి దగ్గరగానే ఉంది, ‘ఇన్’ బదులు ‘ఆన్’ వస్తుందంతే.

పన్నెండోది అసలైన గమ్మత్తు. ‘ఫోన్ ఛార్జింగ్ పెట్టాను’ని ‘ఐ కెప్ట్ ఛార్జింగ్ మై ఫోన్’ అంటే ‘మళ్లీ మళ్లీ ఛార్జ్ చేస్తూనే ఉన్నాను’ అని అర్థం వస్తుంది. ‘కీప్’ పక్కన ‘ఇంగ్’ చేరితే పని ఆగకుండా సాగుతున్నట్టు. వినేవాడు బ్యాటరీ పాడైందేమో అనుకుంటాడు. ‘ఐ పుట్ మై ఫోన్ ఆన్ ఛార్జ్’ సరిపోతుంది.

#6 పలకబలపం

గోదారిగట్టు గారూ, ఈ పన్నెండూ ఒకే రోజు ఇచ్చేయమంటారా? పైన పురుగు గారు పోలికలున్నవి కలపొద్దన్నారు కదా.

#7 గోదారిగట్టు

ఒకే రోజు వద్దండీ, మూడు విడతల్లో. కానీ ఇక్కడ చెరుపుకోవడం తక్కువే. తెలుగు క్రియ ఒకటే అయినా ఇంగ్లీషు క్రియలు పోస్ట్, హోల్డ్, సెట్, ఫైల్, స్పెండ్ అని దేనికది దూరం. ‘మేక్’, ‘డూ’ లాంటి కవలలతోనే ఇబ్బంది.

#8 ఓరుగల్లుకోట

సరే, ‘వేయు’ సంగతి నేను చెప్త. తలుపు వేస్తే మూసినట్టు, లైటు వేస్తే వెలిగించినట్టు. మనకు ఒక్క మాటే, వాళ్లకు ఎదురుబొదురు మాటలు. తలుపు వేయి ‘క్లోజ్ ద డోర్’, లైటు వేయి ‘టర్న్ ఆన్ ద లైట్’, తాళం వేయి ‘లాక్ ద డోర్’, ఓటు వేయి ‘ఓట్’ లేకుంటే ‘కాస్ట్ యువర్ ఓట్’, బొమ్మ వేయి ‘డ్రా ఎ పిక్చర్’, రంగు వేయి ‘పెయింట్’, గోలీ వేసుకో ‘టేక్ ద టాబ్లెట్’, అంగీ వేసుకో ‘పుట్ ఆన్ ఎ షర్ట్’, విత్తనాలు వేయి ‘సో సీడ్స్’.

‘తీయి’ గూడ గంతే. తలుపు తీస్తే ‘ఓపెన్’, ఫోటో తీస్తే ‘టేక్’, సినిమా తీస్తే ‘మేక్’, చెప్పులు తీస్తే ‘టేక్ ఆఫ్’. కరెంటు వస్తువుల కాడ ‘ఓపెన్’, ‘క్లోజ్’ రెండూ పనికిరావు. ‘ఓపెన్ ద టీవీ’ అంటే స్క్రూడ్రైవర్ పట్టుకొని టీవీ విప్పినట్టు ఉంటది. నల్లా గూడ ‘టర్న్ ఆన్, టర్న్ ఆఫ్’ దిక్కే పోతది, నల్లాకి కరెంటు లేకున్నా సరే.

ఇంకోటి, ‘ఆకలేస్తుంది, చలేస్తుంది, భయమేస్తుంది’. మనకు ఆకలి ఎక్కడనుంచో వచ్చి మన మీద పడుతది, ‘నాకు’ అంటం. ఇంగ్లీషుల మనిషే ముందుంటడు: ‘ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్, ఐ యామ్ స్కేర్డ్’. ‘హంగ్రీ ఈజ్ కమింగ్ టు మీ’ వచ్చేది ఈ ‘నాకు’ వల్లనే. జ్వరం వచ్చింది ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’, జలుబు చేసింది ‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’, కోపం వచ్చింది ‘ఐ గాట్ యాంగ్రీ’, నిద్ర పడుతలేదు ‘ఐ కాంట్ గెట్ టు స్లీప్’. ‘నాకు’ తోని మొదలయ్యే వాక్యాలన్నీ ఒక దగ్గర పెట్టి ఒక వారం చేయించున్రి. అసలు పాఠం గదే.

#9 కొత్తబడి

క్రియలు సరే, విశేషణాల సంగతి? ‘పెద్ద వాన’ని ‘బిగ్ రెయిన్’ అనేవాళ్లు లెక్కలేనంతమంది.

#10 నిఘంటువుపురుగు

అక్కడ 30 చాలు. వానకి ‘హెవీ’, గాలికి ‘స్ట్రాంగ్’, జ్వరానికి ‘హై’, జలుబుకి ‘బ్యాడ్’, నొప్పికి ‘సివియర్’, ట్రాఫిక్‌కి ‘హెవీ’, నిద్రకి ‘డీప్’. ‘స్ట్రాంగ్ టీ’ మనకి ఎలాగూ ఉంది, దాని ఎదురుమాటే తెలియదు. ‘లైట్ టీ’ అంటాం, బయట ‘వీక్ టీ’. ‘ఫాస్ట్’కీ ‘క్విక్’కీ తేడా ఇలా చెప్పండి: వేగంగా కదిలే వస్తువుకి ‘ఫాస్ట్’ అంటే ‘ఫాస్ట్ ట్రైన్’, త్వరగా ముగిసే పనికి ‘క్విక్’ అంటే ‘క్విక్ షవర్, క్విక్ లుక్’. ‘ఫాస్ట్ ఫుడ్’ ఎప్పుడో అతుక్కుపోయిన మాట, దాన్ని వదిలేయండి.

#11 రైలుపెట్టె

క్రియకి తోక ఎక్కడ తగిలించాలి, ఎక్కడ తగిలించకూడదు అన్నది ఎవరూ ఎత్తలేదు. మన ‘కి’ కనపడగానే ‘టు’ వచ్చి కూర్చుంటుంది. ‘సార్‌కి ఫోన్ చేశాను’ నుంచి ‘కాల్డ్ టు సార్’, ‘హైదరాబాద్‌కి చేరాను’ నుంచి ‘రీచ్డ్ టు హైదరాబాద్’, ‘ఇంటికి వెళ్తున్నా’ నుంచి ‘గోయింగ్ టు హోమ్’. మూడింట్లోనూ ‘టు’ కొట్టేయాలి. ‘గురించి’ది ఇంకో గొడవ: ‘దాని గురించి చర్చించాం’ నుంచి ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’ పుడుతుంది, ‘డిస్కస్డ్ ఇట్’ చాలు. ‘తో’ నుంచి ‘మ్యారీడ్ విత్’ పుడుతుంది, కావలసింది ‘మ్యారీడ్ టు’. ‘లెక్కల్లో దిట్ట’ నుంచి ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’, కావలసింది ‘గుడ్ ఎట్’.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. ‘టెల్ మీ’ బాగా అలవాటైనవాళ్లు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటారు. అక్కడ ‘టు’ ఉండి తీరాలి: ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’. అందుకే ‘టు తీసేయండి’ అని సూత్రం చెప్పకండి, ముక్క ముక్కగా ఇవ్వండి. ‘మీద ఆధారపడు’కి ‘డిపెండ్ ఆన్’, ‘కోసం ఆగు’కి ‘వెయిట్ ఫర్’ లాంటివి మనతో కలిసేవే, వాటికి టైము పెట్టకండి.

బండ్లు కూడా ఇక్కడే తేల్చేయండి. బస్సు, రైలు, విమానం ‘గెట్ ఆన్, గెట్ ఆఫ్’. కారు, ఆటో ‘గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్’. లోపల నిలబడి నడవగలిగితే ‘ఆన్’ అని గుర్తు. బైకుకి నడిచే చోటు లేకపోయినా ‘ఆన్’ వస్తుంది, పైన కూర్చుంటాం కాబట్టి. నడపడానికి కారుకి ‘డ్రైవ్’, బైకుకి ‘రైడ్’, షాపుకి ‘రన్’.

#12 కొత్తబడి

‘రాంగ్, రాంగ్’ అంటున్నారు గానీ వీటిలో కొన్ని ఇండియా అంతటా నడుస్తున్నవే. ‘రైట్ ఎన్ ఎగ్జామ్’ తప్పెలా అవుతుంది?

#13 నిఘంటువుపురుగు

న్యాయమైన అభ్యంతరం. మూడు గంపలు పెట్టుకోండి.

ఒకటి, ఎక్కడా చెల్లనివి: ‘కెప్ట్ ఎ మీటింగ్’, ‘గో టు హోమ్’, ‘ఓపెన్ ద లైట్’. వీటిని దిద్దాల్సిందే.

రెండు, మనదేశంలో మామూలుగా చెల్లేవి: ‘రైట్ ఎన్ ఎగ్జామ్’, ‘ఐ హ్యావ్ ఎ డౌట్’, ‘కట్ ద కాల్’. పరీక్ష ‘రాయడం’ కెనడాలో, దక్షిణాఫ్రికాలో కూడా ఉంది. బ్రిటన్‌లో ‘సిట్ ఎన్ ఎగ్జామ్’ అని కూడా వింటారు, ‘టేక్ ఎన్ ఎగ్జామ్’ మాత్రం అన్నిచోట్లా చెల్లుతుంది. హైదరాబాద్ షోరూంలో పనిచేసేవాడి నోట్లో వీటిని దిద్దడం టైము దండగ.

మూడు, ఇక్కడ ఒక అర్థం, బయట ఇంకో అర్థం ఉన్నవి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే ఇక్కడ డిగ్రీ అయింది, అమెరికాలో స్పృహ తప్పి పడిపోయాడు. ‘గ్రాడ్యుయేటెడ్’ నేర్పండి. తెలుగులో ‘ఫీలయ్యాడు’ అంటే నొచ్చుకున్నాడు. ‘హి ఫెల్ట్’ దగ్గర ఆపేస్తే వినేవాడు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తాడు. ‘హి ఫెల్ట్ హర్ట్’ అని పూర్తి చేయించండి.

ఐఈఎల్‌టీఎస్‌కి (బయటిదేశాల చదువులకి అడిగే ఇంగ్లీషు పరీక్షకి) వెళ్లేవాళ్లుంటే రెండో గంప కూడా దిద్దండి. అందులో రైటింగ్, స్పీకింగ్ మార్కుల్లో నాలుగో వంతు పదసంపదకి. రైటింగ్‌లో ఏడో బ్యాండు (స్కోరు మెట్టు) వివరణలో కొలొకేషన్ మాట నేరుగానే ఉంటుంది.

#14 రైలుపెట్టె

ఏ జంట ఎక్కువ నడుస్తుందో తేల్చుకోవడానికి, పుస్తకాల్లో ఏ మాట ఎంత వాడారో గీతల్లో చూపించే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ వాడండి, ఉచితం. ‘టేక్ ఎ డెసిషన్, మేక్ ఎ డెసిషన్’ రెండూ కామాతో కొట్టి, భాష దగ్గర ఒకసారి బ్రిటిష్, ఒకసారి అమెరికన్ ఎంచుకుని గీతలు పోల్చండి. రెండుచోట్లా ‘మేక్’దే పైచేయి, ‘టేక్’ బ్రిటిష్ వైపు బతికే ఉంది. మాట ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు పెడితే అక్కడ ఎక్కువగా వచ్చే పది మాటలూ చూపిస్తుంది.

మామూలు గూగుల్ సెర్చ్‌లో ‘ఇన్ని లక్షల ఫలితాలు’ అని వచ్చే అంకెని నమ్మకండి. అది అంచనా మాత్రమే, పైగా తప్పు వాడుకకి కూడా లక్షలు చూపిస్తుంది. ఎన్‌గ్రామ్‌లో ఉన్నవి పుస్తకాలు, కాబట్టి ఫోన్ ఛార్జింగ్ లాంటి నోటిమాటలకి అది అంతగా పనికిరాదు. వాటికి యూగ్లిష్ మంచిది, ముక్క కొడితే అది పలికిన వీడియోలు వరసగా వినిపిస్తుంది.

#15 పలకబలపం

ఇప్పుడు రెండో ప్రశ్న. రోజుకి ఎన్ని, తిరగేసి గుర్తు తెచ్చుకునే కార్డు ఎలా రాయాలి?

#16 గోదారిగట్టు

రోజుకి ఐదు. వారంలో ఐదు రోజులు కొత్తవి, రెండు రోజులు పాతవే. చివరి పది రోజులు కొత్తవి ఏమీ వద్దు. అంటే 50 రోజుల్లో కొత్తవి వచ్చే రోజులు 36 దాకా, మొత్తం 180. క్రియలకి 120, విశేషణాలకి 30, తోకలకి 30. లెక్క కుదిరింది.

కార్డు ముందువైపు మాట రాయకండి, సందర్భం రాయండి. ఇలా:

ముందు: ఫోన్ ఛార్జింగ్ పెట్టాను. తీయకు.
వెనక: ఐ పుట్ మై ఫోన్ ఆన్ ఛార్జ్. డోంట్ అన్‌ప్లగ్ ఇట్.

ముందువైపు ‘పెట్టు’ అని ఒక్కటే రాస్తే జవాబులు పన్నెండు, విద్యార్థి ఏది చెప్పినా తప్పే. ‘మేక్ డ్యాష్’ అని ఖాళీ ఇచ్చినా పని జరగదు, ఎందుకంటే కష్టమైన సగం, అంటే క్రియ, మీరే చెప్పేశారు. ఖాళీ పెట్టాలంటే క్రియ చోటే పెట్టండి.

కాగితమైతే ఏ4 షీటు మూడుసార్లు మడిస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి. ఐదు అరల పెట్టె పద్ధతి, 1972లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చినది, ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. కొత్త కార్డు ఒకటో అరలో. తప్పులేకుండా చెప్తే పక్క అరకి, తప్పితే మళ్లీ ఒకటో అరకి. ఒకటో అర రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకి, ఐదోది నెలకి.

ఫోన్లో అయితే యాంకీ అనే కార్డుల యాప్. ఆండ్రాయిడ్‌లో ఉచితం. పెట్టగానే అది రోజుకి 20 కొత్త కార్డులు ఇస్తుంది. అందరూ దెబ్బతినేది అక్కడే, ఎందుకంటే తిరగేయాల్సిన పాతవి కొత్తవాటికి సుమారు ఏడెనిమిది రెట్లు పేరుకుంటాయి. 20కి రోజూ 150 దాకా అవుతాయి, రెండో వారంలో యాప్ తీసేస్తారు. సెట్టింగుల్లో 20ని 5 చేయండి, అప్పుడు నలభైలోపు ఉంటాయి, పదిహేను నిమిషాల పని.

#17 ఓరుగల్లుకోట

కార్డు మీద ఒక్క మాట. వెనక వైపు ‘ఎ’, ‘ద’ వదిలిపెట్టకున్రి. ‘హ్యావ్ హెడేక్’ అని నేర్చుకున్నోడు పదేండ్లయినా గట్లనే అంటడు, ‘ఎ హెడేక్’ అని మొదటి రోజే పడాలె. ‘గో టు ద బ్యాంక్’, ‘గో టు ద మార్కెట్’ కానీ ‘గో టు బెడ్’, ‘గో టు స్కూల్’. కారణం చెప్పుకుంట కూసుంటే గంట పోతది, ముక్కతోనే అతికించి ఇచ్చున్రి. పలికేటప్పుడు ఆ ‘ఎ’ని సాగదీయొద్దు. ‘మేక్ ఏ మిస్టేక్’ అని దీర్ఘం తీస్తే ముక్క మూడు తునకలైతది, ‘మేకమిస్టేక్’ లెక్క ఒక్క ఊపిరిల రావాలె. జరిగిపోయిన కాలం గూడ కార్డు మీద ఉండాలె: మేడ్, టుక్, కాట్, హెల్డ్, స్పెంట్. ‘క్యాచ్డ్ ఎ కోల్డ్’ అనేది అక్కడ ఆగిపోతది.

#18 రైలుపెట్టె

హాస్పిటల్ రిసెప్షన్ వాళ్లున్నారన్నారు కాబట్టి వాళ్ల కోసం విడిగా ఒక పెట్టె. ఇవి మొదటి వారంలోనే ఇవ్వండి, మర్నాడే వాడేస్తారు.

కూర్చోండి: ‘ప్లీజ్ హ్యావ్ ఎ సీట్’.
ఫారం నింపండి: ‘ఫిల్ ఇన్ ద ఫారమ్’. అమెరికా వైపు ‘ఫిల్ అవుట్’.
డాక్టర్ గారు ఇప్పుడు చూస్తారు: ‘ద డాక్టర్ విల్ సీ యు నౌ’. ఇక్కడ ‘వాచ్’, ‘లుక్’ రెండూ కుదరవు.
బీపీ చూస్తారు: ‘దే విల్ చెక్ యువర్ బీపీ’. అదే ‘చూడు’, ఇంకో క్రియ.
ఎక్స్‌రే తీయించుకోండి: ‘గెట్ ఎన్ ఎక్స్‌రే’.
ఇంజెక్షన్ వేస్తారు: ‘దే విల్ గివ్ యు ఎన్ ఇంజెక్షన్’.
కుట్లు తీస్తారు: ‘దే విల్ టేక్ అవుట్ ద స్టిచెస్’.
కళ్లు తిరుగుతున్నాయా: ‘ఆర్ యు ఫీలింగ్ డిజ్జీ?’ కళ్ల ఊసే రాదు.
బిల్లు కట్టండి: ‘పే ద బిల్’.
రక్తం ఇవ్వాలి: ‘యు నీడ్ ఎ బ్లడ్ టెస్ట్’. ‘గివ్ బ్లడ్’ అంటే రక్తదానం చేయమన్నట్టు, పేషెంటు లేచి వెళ్లిపోయినా పోతాడు.
పరగడుపున రండి: ‘కమ్ ఆన్ ఎన్ ఎంప్టీ స్టమక్’. ‘విత్’ కాదు, ‘ఆన్’. ఈ ‘ఆన్’ ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే, మన ‘పరగడుపు’లో ‘పర’ ఎందుకొచ్చిందో చెప్పమనండి.

#19 పలకబలపం

రాసుకున్నాను. సోమవారం నుంచి ‘పెట్టు’తో మొదలు, ‘మేక్’ లిస్టు చించేశాను. షోరూం వాళ్లకి కూడా ఇలాంటి పెట్టె ఒకటి కావాలి: బిల్లు వేయండి, రేటు తగ్గించండి, బేరం కుదిరింది, సరుకు అయిపోయింది.

#20 గోదారిగట్టు

బిల్లు వేయండి ‘మేక్ అవుట్ ద బిల్’ అనవచ్చు, పెద్ద దుకాణాల్లో ‘రింగ్ ఇట్ అప్’ కూడా వింటారు. రేటు తగ్గించండి ‘కెన్ యు లోయర్ ద ప్రైస్?’ బేరం కుదిరింది ‘వి హ్యావ్ ఎ డీల్’. సరుకు అయిపోయింది ‘ఇట్ ఈజ్ అవుట్ ఆఫ్ స్టాక్’. ‘స్టాక్ ఈజ్ ఫినిష్డ్’ అన్నా అర్థమవుతుంది గానీ బోర్డు మీద రాయించకండి. మిగతావి రేపు పొద్దున వేరే థ్రెడ్డులో పెడతాను.